వంతెన దాకా వెళ్ళి రా

"కాళ్ళు రెండూ నేలకి ఆనించి నిలబడు. బూట్లతోనే. ఆఁ, ఇప్పుడు మధ్య గొట్టం తగులుతోందా?"

"లేదు."

"నాలుగు వేళ్ళ సందుందా?"

"ఉన్నట్టుంది."

"ఉన్నట్టుంది కాదు పిల్లా, చెయ్యి పెట్టి చూడు. దిగేటప్పుడు కాలు జారిందనుకో, ఆ సందే నిన్ను కాపాడేది. సగం మంది ఆడవాళ్ళు మొగుడి సైకిలెక్కి కొండకి పోతారు. తర్వాత కుంటుకుంటూ నా దగ్గరికి వస్తారు."

"ఉంది. నాలుగు వేళ్ళూ పడుతున్నాయి. సెంగా, ఆ తలుపు..."

"తలుపుకేమైంది?"

"బయటి నుంచి మనం కనబడతామా?"

"ఈ వానలో ఎవరు చూస్తారు? చూస్తే చూడనీ, ఇంకో బేరం తగులుద్ది."

స్కాట్లాండు దక్షిణపు కొండల్లో, ఇరుకు లోయలో ఉన్న కెల్లోబర్న్ ఊళ్ళో ఆ ఒక్కటే సైకిళ్ళ కొట్టు. కొట్టు సెంగా అనే ఆవిడది. సైకిల్ కొనడానికి వచ్చింది మోర్వెన్, ఆ కొండల అడవికి గార్డుగా పనిచేసే స్ట్రూవన్ భార్య. ఊళ్ళోకి కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు. అందుకే సెంగా సంబరం పట్టలేకపోతోంది.

"స్ట్రూవన్ చూశాడంటే ఎగిరి గంతేస్తాడు. ఎన్నిసార్లు చెప్పానో, నీ భార్యని ఒకసారి తీసుకురావయ్యా, ఒంటికి సరిపడే సైకిల్ చూసి పెడతానని. 'ఆవిడకి భయం' అంటాడు."

"ఆయనకి చెప్పకండి."

"ఏం?"

"పుట్టినరోజు. ఆయన పుట్టినరోజుకి చెబుదామని. అప్పటిదాకా..."

"ఓ. అలాగా. అయ్యో."

"అయ్యో అన్నారేం?"

"ఏం లేదులే. హ్యాండిల్ పట్టుకో. సీటెక్కి, రెండు చేతులూ చాపి పట్టుకో. ఎడం చెయ్యి చాపు. ఇంకా. ఇంకా చాపు తల్లీ, విరగదు."

"ఇంతే వస్తుంది."

"ఇంతేనా? మోచెయ్యి వంకరగానే ఉండిపోయిందే."

"చిన్నప్పుడు పడ్డాను."

"చిన్నప్పుడా? పోయినేడు గొర్రెల సంతలో ఆ బలిసిన పొట్టేలుపిల్లని రెండు చేతులా ఎత్తి చూపించావు గదా. నేను చప్పట్లు కొట్టాను."

"అయితే తర్వాత పడ్డానేమో."

"పడ్డానేమో ఏంటి, నీ చెయ్యే కదా! సరే, బాధపడకు, దానికీ మందుంది. హ్యాండిల్ మెడ పొట్టిది వేస్తా. హ్యాండిల్ నీ దగ్గరికి వస్తుంది. సైకిల్‌కి తగ్గట్టు మనిషి సాగకూడదు, మనిషికి తగ్గట్టు సైకిలే రావాలి. ఇప్పుడు ముందుకి వంగు. కొండెక్కుతున్నట్టు."

"ఇలాగా?"

"ఇంకొంచెం. ఊపిరి బిగపట్టావేం?"

"అలవాటు."

"ఊపిరి తీసుకో. పక్కటెముకల దగ్గర పట్టేసిందా?"

"లేదు. కొంచెం. వంగితేనే."

"సరే, లే, లే. తల తిప్పి వెనక్కి చూడు. భుజం మీంచి చూడ్డం రావాలి, లేకపోతే వెనక వచ్చేవాడు గుద్దేస్తాడు."

"కుడివైపు చూడగలను."

"ఎడమ?"

"కుడివైపు చాలు."

"మోర్వెన్, నువ్వు మనిషివా, విరిగిన గొడుగువా? ఒక్క కమ్మీ తిన్నగా లేదు. నవ్వు కొంచెం. నవ్వితే పన్నేం వెయ్యరు."

"ఆ చప్పుడేంటి?"

"ఏది?"

"ఇప్పుడు చక్రం తిప్పారే, టికటికమని."

"అదా. తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రం అలా అంటుంది. కుర్రాళ్ళయితే ఆ చప్పుడు కోసమే కొంటారు."

"ఆపొచ్చా?"

"దేనికి? జింకలు బెదురుతాయనా?"

"ఆపొచ్చా సెంగా?"

"లోపల గ్రీజు దట్టిస్తే తగ్గుద్ది. పూర్తిగా పోదు."

"దట్టించండి."

"వింత పిల్లవే. సరే. ఇంకేం కావాలి రాణిగారికి?"

"దీని మీద డ్యాము దాకా వెళ్ళగలనా?"

"ఏ డ్యాము? కొండకి అవతలదా? కొత్తగా ఎక్కేవాళ్ళు వంతెన దాకా వెళ్ళి వస్తారు తల్లీ. టీ తాగుతారు. మర్నాడు ఒళ్ళు నొప్పులని తిడతారు. డ్యాముకి వెళ్ళాలంటే శిఖరం దాటాలి."

"ఆ దారి ఎక్కడైనా రోడ్డుని దాటుతుందా?"

"లేదు. అంతా అడవి, పైన బోడి కొండ. ఎందుకడుగుతున్నావు?"

"సంచీ తగిలించుకుని ఎక్కొచ్చా?"

"ఎంత సంచీ?"

"అదిగో. తలుపు పక్కన పెట్టాను."

"ఇదా? అబ్బో, రాళ్ళు కట్టి తెచ్చావా! ఏం పెట్టావిందులో, ఊరంతటికీ భోజనమా? ఇది తగ్గించాలి పిల్లా, వీపు మీద ఇంత బరువుంటే ఎక్కేటప్పుడు ముందు చక్రం లేచిపోద్ది. ఏవీ, చూడనీ... చలికాలం బూట్లు. ఇదేంటి, ఫోటో? మీ అమ్మగారా?"

"ముట్టుకోకండి."

"పాస్‌పోర్టు."

"ముట్టుకోవద్దన్నానా!"

"సరే. సరే. జిప్పు వేసేశాను. చూడు, వేసేశాను. చెయ్యెప్పుడు విరిగింది మోర్వెన్?"

"ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలో నువ్వు మెట్ల మీంచి పడ్డావన్నాడు మీ ఆయన. కొండల్లో చిక్కుకున్నవాళ్ళని దించే మా రెస్క్యూ టీమ్ వాళ్ళమంతా కార్డు మీద సంతకాలు పెట్టాం. పూలు పంపాం."

"అందాయి. పసుప్పచ్చవి. బాగున్నాయి."

"మెట్ల మీంచేగా?"

"మా ఇంటికి మెట్లు లేవు సెంగా. మీరొచ్చారు కూడా. క్రిస్మస్‌కి."

"వచ్చాను. రెండుసార్లు వచ్చాను. అంతా ఒకే వరస గదులు. లేవు. మెట్లు లేవు. ఆ కార్డు మీద నేనేం రాశానో తెలుసా? 'ఇకమీదట గుమ్మం చూసి నడువమ్మా' అని రాశాను. నవ్వే బొమ్మ కూడా వేశాను."

"చూశాను."

"స్ట్రూవనా? మన స్ట్రూవనేనా? మంచులో కూరుకుపోయిన ఆ ముసలాయన్ని వీపున మోసుకొచ్చి..."

"అవును. ఆయనే. మోసుకొచ్చారు. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం చల్లారిందని... వద్దులెండి. సైకిల్ సంగతి చూడండి. వానగా ఉంది, ఆయన పైన నరకాల్సిన చెట్లకి గుర్తులు పెడుతున్నారు, సాయంత్రం దాకా దిగరు. నాకు ఇవాళ ఒక్కరోజే ఉంది."

"పిల్లా."

"ఏంటి?"

"నేనొక పని చేశాను."

"ఏం పని?"

"నువ్వు లోపలికి రాగానే. సరదాకి. నాకు తెలీదు గదా, నాకెలా తెలుస్తుంది..."

"ఏం చేశారు?"

"మెసేజీ పెట్టాను. 'ఎట్టకేలకి నీ పెళ్ళాం నా కొట్లో అడుగుపెట్టింది, వచ్చి చూడు' అని."

"ఎవరికి? సెంగా, ఎవరికి?"

"చదివేశాడు. నీలం టిక్కులు పడ్డాయి. ఇప్పుడు కాదు, ఇందాకే పడ్డాయి."

"దేవుడా. దేవుడా. నేను పోతాను. కాదు, ఇంటికి పోతాను. ఇంటికెళ్ళి కూర్చుంటాను, సంచీ మంచం కిందకి తోసేసి, పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టి..."

"కూర్చో. కాదు, కూర్చోకు. కారుందా?"

"కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో రోజూ చూస్తారు. నడిచొచ్చాను. అక్క డ్యాము దగ్గర ఉంటుంది, అవతలి రోడ్డు మీద. లోయలోకి రావద్దన్నాను. పోయినసారి వస్తే పెట్రోలు బంకాయన ఫోను చేసి చెప్పాడు, 'మీ వదినగారొచ్చారు, కేకు కొనుక్కెళ్ళండి' అని."

"పోయినసారా? ఇది మొదటిసారి కాదా?"

"అందరూ మంచివాళ్ళే సెంగా. మీలాగే. సరదాకే చెబుతారు."

"ఆ మాట అనకు. అను, అనాల్సిందే. ఎఫీకి ఫోను చేస్తాను. ఆమె ఇల్లు అడవి గేటు పక్కనే. డాక్టరమ్మ, టీమ్‌లో ఆమె మాటంటే..."

"వద్దు! నా కనుబొమ్మకి కుట్లు వేసింది ఆమే. ఆయన పక్కన నిలబడి జోకులేస్తుంటే నవ్వుతూ వేసింది. ఎవరికీ వద్దు. మాటివ్వండి."

"సరే."

"సరే కాదు. మాటివ్వండి."

"ఇచ్చాను. ఎక్కు సీటు. మడమ పెడల్ మీద పెట్టు. వేళ్ళు కాదు, మడమ. కాలు నిటారుగా వచ్చిందా? కొంచెం దించుతా. ఇప్పుడు?"

"వచ్చింది. సెంగా, నేను సైకిల్ ముట్టుకుని ఎన్నేళ్ళయిందో."

"ఒళ్ళు మర్చిపోదు. ఇది బ్రేకు. ఒక్క వేలితోనే నొక్కాలి, మిగతా వేళ్ళు హ్యాండిల్‌ని వదలకూడదు. అందుతోందా? నీ వేళ్ళు పొట్టి. లివర్ లోపలికి తిప్పుతా. ఇప్పుడు?"

"అందింది."

"బొటనవేలి కింద మీట ఉంది చూడు. అది నొక్కి కూర్చుంటే సీటు కిందికి దిగుద్ది. ఎక్కేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి. దిగేటప్పుడు సీటు మీద కూర్చోకు, నిలబడు, నడుం వెనక్కి. టైర్లలో గాలి తగ్గిస్తున్నా, తడి వేర్ల మీద జారకుండా. బరువెంత నువ్వు?"

"తెలీదు."

"నా కోళ్ళే నీకంటే బరువుంటాయి. ముందు చక్రం ఫోర్కు, కుదుపు తెలీకుండా మెత్తగా పెడతా. దారి విను. గేటు పక్కన మనుషులు పోయే సందు ఉంది, అందులోంచి దూరు. వాగుని ఎడమ పక్కన ఉంచుకుని పైదాకా పో. చెట్లు అయిపోయాక రాళ్ళ గోడ. గోడ వెంట కుడికి. అక్కణ్ణించి డ్యాము నీళ్ళు కనబడతాయి. కనబడ్డాక అంతా దిగుడే. చెప్పు."

"గేటు సందు. వాగు ఎడమ. గోడ. కుడి."

"అంతే. ఫోను ఉందా నీ దగ్గర?"

"ఉంది. నేనెక్కడున్నానో ఆయన ఫోన్లో కనబడుతుంది."

"ఇటివ్వు. ఈ గుడ్డ కింద పెడుతున్నా. ఇంకేం... గ్రీజు! గ్రీజు దట్టించలేదు."

"సెంగా. జీపు."

"ఎవరిదో అయ్యుంటుంది."

"ఆ చప్పుడు నాకు తెలుసు."

తలుపు గంట మోగింది. స్ట్రూవన్ తల మీది వాన నీళ్ళు తుడుచుకుంటూ, ఎప్పట్లాగే నవ్వుతూ లోపలికొచ్చాడు. ఆ నవ్వుకి సెంగా మొదటిసారి తిరిగి నవ్వలేదు.

"ఇద్దరాడవాళ్ళు, ఒక రహస్యం! ఏం సెంగా, నా భార్యని పాడు చేస్తున్నావా?"

"చేస్తున్నాను. నీకేమన్నా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం! మెసేజీ చూసి నమ్మలేదు. మా మోర్వెన్ సైకిలెక్కడమేంటని. బంగారం, నాతో ఒక్క ముక్క అనలేదే?"

"మీ పుట్టినరోజుకి చెబుదామని."

"నా పుట్టినరోజుకి! విన్నావా సెంగా? ఎంత ప్రేమో. వణుకుతున్నావేం?"

"చలి."

"ఆవిడకి ఎప్పుడూ చలే. సైకిల్ బాగుంది. చిన్న ఫ్రేము. హ్యాండిల్ బాగా దగ్గరికి లాగావే?"

"పొట్టి మనిషి కదయ్యా."

"చెయ్యి సంగతి చెప్పిందా?"

"ఏ చెయ్యి?"

"ఎడం చెయ్యి."

"ఆఁ, చెప్పింది. మెట్ల మీంచి పడిందటగా, పాపం."

"అవును. మెట్లు."

"జాగ్రత్తగా ఉండాలి."

"నేనూ అదే అంటాను. ఈ సంచీ ఎవరిది?"

"ఏ సంచీ?"

"ఇదిగో, మన ఇంట్లోది. బరువుగా ఉందే. ఏం పెట్టావు బంగారం?"

"నన్నడుగు. ఇసుక."

"ఇసుకా?"

"ఇసుకేనయ్యా. నేనే నింపాను. సంచీ బరువుతో కలిపి కొలవాలి, లేకపోతే కొండ మీద ఫోర్కు కుంగిపోద్ది. ఖాళీ చేతుల్తో కొండెక్కొద్దని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చేది నువ్వేగా? జిప్పు ముట్టుకోకు, చెప్పాను! ఇప్పుడే తూకం వేసి పెట్టాను, మళ్ళీ ఒలకబోస్తే నువ్వే ఊడవాలి."

"అబ్బ, ఏం నోరు సెంగా నీది! సరే, ముట్టుకోను."

"తగిలించుకో మోర్వెన్. పట్టీ బిగించు. తొక్కి చూడకుండా కొలతలు తేలవు. వంతెన దాకా వెళ్ళి రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వాన తగ్గింది."

"పద బంగారం, నేనూ వస్తాను."

"దేని మీద వస్తావు? జీపులో వెనకాల తోలుకెళ్తావా, గొర్రెలా?"

"నా సైకిల్ నీ దగ్గరే ఉందిగా. సర్వీసుకిచ్చాను."

"ఇచ్చావు. కుదుపులు పట్టే వెనక షాకులో గాలంతా తీసేసి ఉంది. నీ బరువుకి మళ్ళీ పెట్టాలి, అదీ నువ్వు ఎక్కితేనే. నీకోసమే చూస్తున్నా వారంనించీ. ఆమె వచ్చేలోపు అయిపోద్ది, తర్వాత ఇద్దరూ కలిసి ఊరంతా తిరగండి."

"అంతేనంటావా? సరే. బంగారం, వంతెన దాకానే. దాటొద్దు."

"వంతెన దాకానే."

"విను మోర్వెన్. ఎక్కేటప్పుడు వెనక్కి చూడకు. కళ్ళెటు పోతే చక్రం అటే పోద్ది. చూపు ఎప్పుడూ ముందుకే. బ్రేకు?"

"ఒక్క వేలితో."

"దిగేటప్పుడు?"

"సీటు కిందికి. నిలబడాలి."

"భయమేస్తే? భయంతోనే తొక్కు. పడితే లేచి తొక్కు."

"వంతెన దాకానేగా సెంగా. యుద్ధానికి పంపుతున్నట్టు చెబుతావేం?"

"కొత్తవాళ్ళకి వంతెనే యుద్ధం. వెళ్ళు తల్లీ."

తలుపు గంట మళ్ళీ మోగింది. వెనక చక్రం టికటికమంటూ వీధిలోకి పోయి, వాన చప్పుడులో కలిసిపోయింది.

"నీ సైకిలెక్కవయ్యా. ఒక చెయ్యి గోడకి ఆనించు. పెడళ్ళ మీద నిలబడు, మోకాళ్ళు కొంచెం వంచి. ఆఁ, అలాగే ఉండు. పంపు లోపలుంది, తెస్తా."

"వంతెన వైపే తిరిగింది చూడు. నిజంగానే తొక్కుతోంది! సెంగా? లోపలేం చేస్తున్నావు?"

"పంపు వెతుకుతున్నా!"

"నీ కొట్లో నీకే వస్తువు దొరకదు."

"దొరికింది, దొరికింది. కదిలావా? కదిలావు. ఈ రబ్బరు రింగు చూశావా, షాకు ఎంత కుంగిందో ఇది చెబుద్ది. కదిలితే లెక్క తప్పుద్ది. దిగి మళ్ళీ ఎక్కు."

"ఇంతకుముందు ఇంతసేపు పట్టలేదే?"

"ఇంతకుముందు నువ్వింత లావు లేవు. కదలకు."

"హహ. ఆవిడేమన్నా చెప్పిందా నీకు?"

"ఏం చెబుద్ది?"

"ఏదో ఒకటి. ఆవిడకి ఊహలెక్కువ. నేను బయట చెప్పుకోను గానీ సెంగా, కొంచెం... మనసు బాగుండదు ఆవిడకి. గుమ్మాలు చూసుకోదు. వంట చేస్తూ చేతులు కాల్చుకుంటుంది. నేను లేకపోతే ఏమైపోతుందోనని భయం. ఏం, మాట్లాడవు?"

"గాలి కొడుతున్నానుగా. మాట్లాడితే లెక్క పోద్ది. ఇంకోసారి కూర్చో."

"ఎంతసేపయింది ఆవిడ వెళ్ళి?"

"ఇప్పుడేగా."

"ఇప్పుడే కాదు. వంతెన పక్కనేగా."

"తోసుకుంటూ వస్తోందేమో. తడి వంతెన మీద తొక్కొద్దని నేనే చెప్పాను."

"నువ్వు చెప్పలేదు. నేనిక్కడే ఉన్నాను. ఉండు, ఫోను చేస్తాను."

"ఎందుకు, తొక్కుతూ ఫోనెత్తితే పడుద్ది..."

"సెంగా."

"ఏంటి?"

"ఆ మోత ఎక్కణ్ణించి?"

"ఏ మోత?"

"ఆ గుడ్డ కింద."

"అదా. తడుస్తుందని తీసి పెట్టమన్నాను."

"నన్ను చూసి చెప్పు."

"చూస్తూనే ఉన్నాను."

"లేదు. నా బూట్లు చూస్తున్నావు. సంచీలో ఇసుక లేదు, అవునా? అవునా? అరవడంలేదు నేను. చూడు, ఎంత మెల్లగా అడుగుతున్నానో. ఎటు పంపావు?"

"వంతెన దాకా."

"పంపు కింద పెట్టు. దాంతో ఏం చేస్తావు? పెట్టేయ్. శిఖరం వైపేగా? ఇంకెటు పోతుంది. పిచ్చిదానా, ఆ కొండ నీకు తెలీదా? పైన గోడ దగ్గర ఎంతమందిని కిందికి దించాం మనం, నువ్వూ నేనూ? ఒక చెయ్యి పనిచెయ్యని మనిషిని ఈ వానలో పంపావు. పడి చస్తే నీదే పాపం."

"తెలుసు."

"తెలిసీ పంపావా?"

"పంపాను. ఆ చెయ్యి ఎందుకు పనిచెయ్యదో కూడా తెలుసు."

"మెట్ల మీంచి..."

"స్ట్రూవన్, మీ ఇంటికి మెట్లు లేవు. నాకు భయంగా ఉంది. నువ్వు అడ్డం నిలబడ్డావు, తలుపు నీ వెనకుంది. అయినా చెబుతా. ఎడం మోచెయ్యి తిన్నగా రాదు. వంగితే పక్కటెముక పొడుస్తుంది. మెడ ఎడమకి తిరగదు. సైకిల్ కోసమని ఆ ఒళ్ళంతా ఇవాళ నా చేత్తో కొలిచాను. ఎవరడిగినా చెబుతా."

"ఎవరడుగుతారు? నిన్నెవరు నమ్ముతారు సెంగా? మనసు బాగులేని మనిషి, తప్పిపోయిన మనిషి, కొండ మీద. మొగుడు వెతకడానికి పోతాడు. ఊరంతా వెంట వస్తుంది. గేటు తాళం నా దగ్గరుంది, జీపు బయటుంది. ఆవిడ సగం ఎక్కేలోపు నేను పైనుంటాను. చూస్తావా నేను పిలిస్తే ఎవరొస్తారో? చూడు. స్పీకర్లో పెడతాను, నువ్వూ విను."

"స్ట్రూవన్, వద్దు."

"హలో, ఎఫీ?"

"చెప్పు స్ట్రూవన్."

"ఎఫీ, అర్జంటు. మోర్వెన్ కొండెక్కింది, ఒక్కతే, సైకిల్ మీద. మనిషి మనిషిలా లేదు, ఏమన్నా చేసుకుంటుందేమోనని భయంగా ఉంది. టీమ్‌ని పిలువు. నేను జీపులో వస్తున్నా."

"టీమ్ ఇక్కడే ఉంది, గేటు దగ్గర."

"అప్పుడేనా? ఎవరు చెప్పారు?"

"సెంగా మెసేజీ పెట్టింది. అందరికీ పెట్టింది. నేను కుట్లు వేసిన ఆ కనుబొమ్మ గురించి కూడా రాసింది. అల్మారా తలుపు తగిలిందన్నావు నువ్వప్పుడు. నమ్మాను. నవ్వాను కూడా."

"ఎఫీ, విను, అది కాదు... ఆవిడ కనబడిందా? ఆపారా?"

"వచ్చింది. మమ్మల్ని చూసి వణికిపోయి సైకిల్ దిగిపోయింది. అందరం మొహాలు అటు తిప్పుకున్నాం. అప్పుడు సందులోంచి సైకిల్ తోసుకుంటూ దాటింది. మన టీమ్‌లో డగ్గీ చాలా వెనకగా, కనబడకుండా పోతున్నాడు, పడితే లేపడానికి."

"మరి మీరంతా అక్కడే నిలబడ్డారేం? వెళ్ళండి! వెతకండి!"

"మేం నిలబడింది ఆమె కోసం కాదు స్ట్రూవన్. నీ కోసం."